వియ్యంకుడి రోడ్డు

ఈదులగరువు జగన్నాథరాజుగారు బుద్ధెరిగాక ఎవరి మొహం మీదా "బాగోలేదు" అన్న మాట అనలేదు. అది ఆయన గొప్పదనమని ఊరంతా అంటుంది. గొప్పదనం కాదు, రోగం అంటారు ఆయన భార్య సూర్యకాంతమ్మగారు. కాపురానికి వచ్చిన కొత్తలో ఆవిడ రొయ్యల ఇగురు అడుగంటించేస్తే, "ఈ కమ్మదనం ఎక్కడా చూడలేదండి, మా అమ్మగారికి కూడా చేతకాదు" అని ఈయన మారు వడ్డించుకున్నారు. నిజమే కాబోలనుకుని ఆవిడ ఏళ్ల తరబడి ఆ ఇగురును అలాగే మాడ్చి పెట్టారు. ఆయన ఏళ్ల తరబడి అలాగే మెచ్చుకుంటూ తిన్నారు. చివరికి పుట్టింటివాళ్లు వచ్చి, తిని, చెబితే గాని ఆవిడకు సంగతి తెలియలేదు.

నోరు మంచిదైతే ఊరు మంచిదన్నది తండ్రి ఆయనకు నేర్పిన మొదటి పాఠం. భీమవరం చుట్టుపక్కల రాజుల ఇళ్ల తీరే అంత. మొగుడూ పెళ్లాం ఒకరినొకరు మీరు అనుకుంటారు. ఉయ్యాల్లో పిల్లను కూడా "పాలు తాగుతారా అండి" అని అడుగుతారు. గేదె దారికి అడ్డంగా పడుకుంటే "కాస్త లెండి" అంటారని ఎగతాళి చేసేవాళ్లున్నారు గాని, జగన్నాథరాజుగారి విషయంలో అది ఎగతాళి కాదు, చెవులారా విన్నవాళ్లున్నారు. ఇంత మెతక మనిషికి రొయ్యల చెరువులు ఎలా కలిసొచ్చాయని ఎవరైనా ఆశ్చర్యపోతే, రొయ్యలకు మాటలు రావు గనక అని సూర్యకాంతమ్మగారి జవాబు.

ఇక రోడ్డు సంగతి. ఈదులగరువు నుంచి భీమవరం వెళ్లే రోడ్డు గోతులమయమై చాలా ఏళ్లయింది. మేత లారీలు, రొయ్యల లారీలు తిరిగి తిరిగి దాన్ని దున్నిపెట్టాయి. గోతుల్లో ఎంత మొనగాడి బండైనా నత్తనడక నడవాల్సిందే కాబట్టి, అన్నేళ్లలో ఆ రోడ్డు మీద పడి కాలో చెయ్యో విరగ్గొట్టుకున్నవాడు లేడు. ఈ మంచిని అప్పట్లో ఎవరూ గుర్తించలేదు. రోడ్డు బాగుపడాలని మాత్రం ఊరంతా మొక్కుకుంది.

మొక్కు ఫలించి రోడ్డు మంజూరైంది. పని దక్కింది పరాయివాడికి కాదు, జగన్నాథరాజుగారి స్వయానా వియ్యంకుడు శ్రీనివాసరాజుగారికి. అంటే కోడలు శ్రీసత్య కన్నతండ్రికి. భారీ మనిషి, మీసం, కారున్నా బుల్లెట్ మీదే తిరిగే సరదా. మాటంటే పడడు, మర్యాద చేస్తే ప్రాణమిస్తాడు. ఇద్దరు వియ్యంకులూ ఒకరినొకరు "బావగారూ" అని పిలుచుకుంటూ, ఎవరు ముందు గుమ్మం దాటాలన్న దగ్గర "మీరు, మీరు" అంటూ కాఫీలు చల్లారేదాకా నిలబడిపోయే రకం.

పని నెమ్మదిగా సాగి, మాఘమాసంలో ఊరి మొదట్లో ఉన్న కాలవ మలుపు దాకా వచ్చింది. పాత రోడ్డు మీద కాగిన తారు చల్లుతారు, వేడి మీద ఉండగానే బఠాణీ గింజంత రాళ్లు పరుస్తారు, ఆ వెంటనే రోలరు తొక్కుతుంది. ఆ రాళ్లను అందరూ చిప్స్ అంటారు. ఆ రోజు మలుపంతా తారు చల్లడం అయింది. చిప్స్ లారీ వెనక్కి తిరిగి సిద్ధంగా నిలబడింది. సరిగ్గా అప్పుడు జగన్నాథరాజుగారు తెల్లపంచె కుచ్చెళ్లు పట్టుకుని వచ్చారు.

"భోజనాలు సిద్ధమండి బావగారూ. అందరూ రావాలి. రోలరు నడిపే చంద్రరావు కూడానండి."

"ఇంకొక్క గంట పనుందండి బావగారూ," అన్నారు శ్రీనివాసరాజుగారు.

"ఈ ముక్క వేసేసి వచ్చేత్తామండి," అన్నాడు మేస్త్రీ. "తారు చల్లారిపోద్దండి."

"తారుదేముందండి, చల్లారితే మళ్లీ కాచుకోవచ్చు. అన్నం చల్లారితే ఏం చేస్తాం? వియ్యంకుడిగారి మనుషులు మా ఊళ్లో పొట్లాలు విప్పుకుని రోడ్డు మీద తింటుంటే, చూసేవాళ్లు నన్నేమంటారండి?"

వియ్యంకుడు చెయ్యి పట్టుకుని రమ్మన్నాక కాదనడానికి శ్రీనివాసరాజుగారికి నోరు రాలేదు. అందరూ వెళ్లారు. రొయ్యల వేపుడు, కోడి పలావు, చేపల పులుసు, మామిడికాయ పప్పు, గడ్డపెరుగు, ఆ పైన కాజాలు. వద్దన్న ప్రతివాడి ఆకులోనూ రెండేసి గరిటెలు ఎక్కువ పడ్డాయి. తిన్నాక చంద్రరావు వసారాలో మడతమంచం మీద నడుం వాల్చి గుర్రు పెట్టాడు. మేస్త్రీ లేపబోతే జగన్నాథరాజుగారే అడ్డుపడ్డారు. "పాపం, పడుకోనివ్వండి. పొద్దుటి నుంచి పడ్డ అలసటండి అది."

పొద్దు వాలాక వెళ్లి, గాలికి బిగుసుకుపోయిన తారు మీద చిప్స్ పోసి, చీకటి పడేలోపు రోలరును అటూ ఇటూ తిప్పి మమ అనిపించారు. చూపుకు రోడ్డు నల్లగా నిగనిగలాడింది. "ఎలా ఉందండి?" అని అడిగారు శ్రీనివాసరాజుగారు. "అద్దమండి బావగారూ," అన్నారు జగన్నాథరాజుగారు.

అద్దమే. మర్నాటి నుంచి దాని మీద జారనివాడు లేడు. మిగతా రోడ్డు బాగానే ఉంది, పైగా గోతులు పోయాయి కాబట్టి బళ్లు రివ్వున వచ్చేవి. ఆ మలుపులో మాత్రం తారుకు అంటని చిప్స్ పైపైనే దొర్లుతూ ఉండేవి. బండి వంచగానే ముందు చక్రం పక్కకు పోయేది. కాలేజీ కుర్రాళ్లు పడ్డారు, దూకుడని ఊరు సరిపెట్టుకుంది. కొబ్బరికాయల వ్యాపారి పడ్డాడు, మందు అనుకున్నారు. ఆ వారంలోనే, చెరువుల దగ్గరికి వెళ్తూ, దూకుడూ మందూ రెండూ లేని జగన్నాథరాజుగారు పడ్డారు.

మోచెయ్యి చెక్కుకుపోయింది, మోకాలు వాచింది. లేచి పంచె దులుపుకుంటుంటే అరచేతికి గుచ్చుకుని ఉన్నాయి నాలుగైదు రాళ్లు. వాటిని చూడగానే ఆయనకు అన్నీ అర్థమయ్యాయి. చల్లారిన తారు, వేడివేడి పలావు, చంద్రరావు గుర్రు. ఆయన ఆ రాళ్లను ఒక్కొక్కటే ఏరి, ఎవరూ చూడకుండా కాలవలో పారేశారు.

ఇంటికి చేరేసరికి పరామర్శలు మొదలు. బత్తాయిలు, బిస్కెట్ ప్యాకెట్లు, పాలపొడి డబ్బాలు. వచ్చిన ప్రతివాళ్లూ కుర్చీ అంచున కూర్చుని అడిగే మొదటి ప్రశ్న ఒకటే, ఎలా పడ్డారండి అని. పక్క గదిలో కోడలు కాఫీలు కలుపుతోంది. ఆ పిల్ల వినేలా మీ నాన్నగారి రోడ్డు మీద జారిపడ్డానని ఎలా చెప్పడం? కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది. పైగా ఆ నాడు భోజనానికి లాక్కొచ్చింది ఎవరు?

"కుక్క అడ్డొచ్చిందండి," అన్నారు జగన్నాథరాజుగారు.

మెచ్చుకోలు తప్ప వేరే అబద్ధం అలవాటు లేని మనిషి కావడంతో దాన్ని చాలా శ్రద్ధగా ఆడారు. గోధుమరంగు కుక్కన్నారు. చెవి మడతపడి ఉందన్నారు. సాయంత్రానికి అది కుంటుతోంది కూడా. సాయంత్రమే వియ్యంకుడు హడావిడిగా వచ్చి, "మా రోడ్డు మీద పడ్డారట" అని కంగారుపడితే, "రోడ్డుకేమండీ, రోడ్డు గనక బతికిపోయాను. గోతుల్లో పడి ఉంటే తలకాయ పగిలేది," అన్నారు. శ్రీనివాసరాజుగారి మీసం సంతోషంతో విచ్చుకుంది.

రాజుగారి నోట వచ్చిన మాట కదా, ఆ తర్వాత ఆ మలుపులో ఎవరు పడినా కుక్కే అడ్డొచ్చింది. మొగల్తూరు నుంచి మోపెడ్ మీద చేపల పెట్టె కట్టుకుని వచ్చే బుల్లియ్య ఒకనాడు పొద్దున్నే పడ్డాడు. చేపలన్నీ రోడ్డు మీద, బుల్లియ్య చేపల మీద. జగన్నాథరాజుగారు పరుగున వెళ్లి లేవదీశారు.

"ఎలా పడ్డారండి బుల్లియ్యా?"

బుల్లియ్య మోచేతిలో దిగిన చిప్స్ వంక చూశాడు. రాజుగారి వంక చూశాడు. రాజుగారిల్లు వాడికి పొద్దుటి మొదటి బేరం, ఆ రోడ్డు రాజుగారి వియ్యంకుడిది. "కుక్కేనండి, ఆయ్," అన్నాడు. "గోధుమరంగుదేనండి. తమరు సెప్పిందే."

జగన్నాథరాజుగారికి ఆ పూట అన్నం సయించలేదు. బుల్లియ్య దగ్గర పనికిరాని చేపలన్నీ కొనేసి ఇంటికి తెచ్చారు, ఇసక కరకరలాడుతున్న ఆ చేపలు ఎందుకని సూర్యకాంతమ్మగారు తిడితే పడ్డారు. ఈలోగా ఊళ్లో కుర్రాళ్లు కర్రలు పట్టుకుని గోధుమరంగు కుక్క కోసం వెతకడం మొదలెట్టారు. టీ కొట్టు దగ్గర పడుకునే ఒక ముసలి కుక్క చావు తప్పి బయటపడింది. పాపభీతితో ఆయన దాన్ని ఇంటికి తెచ్చి పెరుగన్నం పెట్టించారు. తనను పడేసిన కుక్కకే అన్నం పెట్టిన మహానుభావుడని ఊరు మరింత మెచ్చుకుంది. ఇంకెక్కడికి పోతాడు మనిషి?

ఆయన అసలు భయం వేరు. కోడలు శ్రీసత్య భీమవరంలో ఒక స్కూల్లో లెక్కలు చెబుతుంది. రోజూ పొద్దున స్కూటీ మీద, ముందు యూకేజీ చదివే మనవరాలు నాగవల్లిని నిలబెట్టుకుని, ఆ మలుపు మీదుగానే వెళ్లాలి, ఆ మలుపు మీదుగానే రావాలి. ఆ స్కూటీ కనుమరుగయ్యేదాకా ఆయన వీధి అరుగు మీద నిలబడేవారు. సాయంత్రం హారన్ వినపడేదాకా లోపలికి వెళ్లేవారు కాదు. కొడుకు హర్ష రొయ్యపిల్ల కొనడానికని నెలలో సగం రోజులు ఊళ్ల వెంట తిరుగుతుంటాడు. చెప్పుకోవడానికి వాడైనా లేడు.

ఒకరోజు పిల్ల బ్యాగు సర్దుతూ శ్రీసత్యే కదిపింది. "మావయ్యగారూ, ఆ మలుపు దగ్గర..."

"కుక్కలమ్మా," అన్నారు ఆయన గబగబా. "చూసి వెళ్లండి. అసలు తూర్పు దారిన వెళ్తే ఏంటండి? కాస్త చుట్టే గాని, మీకు ఈ నెలంతా ఆ దిక్కు మంచిదట."

శ్రీసత్య ఆయన మొహంలోకి ఒక క్షణం చూసి, "అలాగేనండి" అంది. తూర్పు దారిన వెళ్తే మొదటి పీరియడ్ అందదు. ఆ అమ్మాయి అలాగేనని ఆ మలుపు మీదుగానే వెళ్లింది. మావయ్యగారు తన పుట్టింటి పరువు కాపాడుతున్నారని ఆ పిల్లకు ఏనాడో తెలుసు. ఆయన అంత కష్టపడి నిలబెట్టిన కుక్కను తను కాదంటే ఆయన చిన్నబుచ్చుకుంటారని ఊరుకుంది. ఆ ఇంట్లో ఒకరి మీద ఒకరికి గౌరవం అంతలా ఉంది మరి.

ఇలా కాదని జగన్నాథరాజుగారు ఒక ఉపాయం చేశారు. చెరువుల మీద పనిచేసే మనుషులను పిలిచి, తెల్లవారగానే కొబ్బరి చీపుళ్లతో మలుపంతా ఊడవమన్నారు. ఎందుకని అడిగితే, ఊరి మొదలు శుభ్రంగా ఉంటే లక్ష్మి అన్నారు. కొన్నాళ్లు పని చేసింది కూడా. ఆ కొన్నాళ్లూ ఎవరూ పడలేదు, కుక్క కూడా కనపడలేదు.

కానీ మంచి మాట దాగుతుందా? మీ రోడ్డును మీ బావగారు రోజూ గుడి ముంగిలిలా ఊడిపిస్తున్నారని ఎవరో శ్రీనివాసరాజుగారి చెవిన వేశారు. ఆయన కళ్లు చెమర్చాయి. ముప్పై ఏళ్లుగా రోడ్లు వేస్తున్నారు, వేసిన రోడ్డును ఇంత అపురూపంగా చూసుకున్న మనిషి ఒక్కడూ తగల్లేదు. ఆ రోజే ఒక లారీడు చిప్స్ తోలించి, ఊడవగా ఊడవగా బోసిపోయిన మలుపు మీద ఇంకో పొర పరిపించారు. తారు లేదు, రోలరు లేదు. "మీ ముచ్చట కోసమండి బావగారూ," అని ఫోన్ చేశారు. "బళ్లు తొక్కితే అవే కూరుకుంటాయండి."

గోరుచుట్టు మీద రోకలిపోటు అంటే ఇదే. "మీకెందుకండీ ఇంత శ్రమ," అన్నారు జగన్నాథరాజుగారు. తన మర్యాదే తన మీద లారీలతో వచ్చి పడుతోందని ఆయనకు తెలుస్తూనే ఉంది. ఇక చెప్పేయాలి అనుకున్నారు. ఈసారి మనిషి ఎదురుపడగానే, కూర్చోకముందే, నోరు తెరిచి, రోడ్డు బాగోలేదండి అని ఒక్క ముక్క. స్నానం చేస్తూ రెండుసార్లు పైకి అని చూసుకున్నారు. బాగానే వచ్చింది.

ఆ ఆదివారమే వియ్యంకుడూ వియ్యపురాలూ దిగారు. రోడ్డు పని నిర్విఘ్నంగా పూర్తయినందుకు అన్నవరంలో సత్యనారాయణస్వామి వ్రతం చేయించుకుని, ప్రసాదం పట్టుకుని నేరుగా ఇటే వచ్చారు. జగన్నాథరాజుగారు గుమ్మంలోనే ఎదురెళ్లి, గొంతు సవరించుకుని, "బావగారూ, ఆ రోడ్డు..." అన్నారు.

"ముందు ఇది తీసుకోండి," అని శ్రీనివాసరాజుగారు ఆకులో పెట్టిన గోధుమరవ్వ ప్రసాదం ఆయన చేతిలో పెట్టారు. ఈయన కళ్లకద్దుకుని నోట్లో వేసుకున్నారు. "మీ గోత్రం కూడా చెప్పించానండి. ఊళ్లో ఎవరికీ ఏ ఆపదా రాకూడదని సంకల్పం. ఇందాక ఏదో అంటున్నారు?"

నోట్లో స్వామివారి ప్రసాదం. ఎదురుగా నామం బొట్టుతో వియ్యంకుడు. వెనక తలుపు పక్కన తండ్రిని చూసి మురిసిపోతున్న కోడలు. "రోడ్డు మీదుగా వచ్చారు కదా, అలిసిపోయి ఉంటారండి," అన్నారు జగన్నాథరాజుగారు. సూర్యకాంతమ్మగారు నుదురు కొట్టుకోవడం ఒక్క ఆయనకే కనపడింది.

మర్నాడు సోమవారం. నాగవల్లికి ఒళ్లు వెచ్చగా ఉందని శ్రీసత్య పిల్లను నానమ్మ దగ్గర వదిలి ఒంటరిగా బయలుదేరింది. ఆయన అరుగు మీద నిలబడే ఉన్నారు. స్కూటీ కనుమరుగైన కాసేపటికి బుల్లియ్య మోపెడ్ వచ్చింది. పెట్టె లేదు, వాడి చొక్కా మీద రక్తం ఉంది.

"కోడలుగారు పడిపోయేరండి. ఆటోలో ఏసి భీమవరం పంపేనండి. తోడుగా మా ఇంటిది తలుపులమ్మని కూడా ఎక్కించేనండి." బుల్లియ్య తల వంచుకుని, "కుక్క అడ్డొచ్చిందండి, ఆయ్," అన్నాడు.

జగన్నాథరాజుగారు వాడి చొక్కా వంక చూశారు. కోడలి రక్తం చొక్కాకు అంటించుకుని వచ్చినవాడు కూడా తన ఎదుట నిజం చెప్పడానికి భయపడుతున్నాడు. తన మంచి నోరు ఊరిని ఎంత మంచిగా చేసిందో ఆయనకు అప్పుడు కనపడింది.

ఆసుపత్రిలో శ్రీసత్య మంచం మీద ఉంది, ఊరెళ్లిన హర్షకు కబురు వెళ్లింది. కుడిచెయ్యి మణికట్టు దగ్గర విరిగింది, భుజం ఎముక బీటవారింది, చెంప గీరుకుపోయింది. నర్సు ఆ చెంపలోంచి రాళ్లు తీసి స్టీలు పళ్లెంలో వేస్తుంటే టకటకమని చప్పుడు. ఆయన ఆ చప్పుడు వింటూ మంచం పక్కన నిలబడ్డారు. పిల్లను పక్కింటివాళ్ల దగ్గర వదిలి వచ్చిన సూర్యకాంతమ్మగారు కోడలి ఎడమచెయ్యి పట్టుకుని కూర్చున్నారు.

కబురంది శ్రీనివాసరాజుగారు బుల్లెట్ మీద బయలుదేరారు. ఆయన ఊరి నుంచి ఈదులగరువు మీదుగా, ఆ మలుపు దాటుకునే భీమవరం రావాలి. చాలా ఆలస్యంగా వచ్చారు. ప్యాంటు మోకాలి దగ్గర చిరిగి వేలాడుతోంది. ఒక కాలు ఈడుస్తున్నారు. అరచేతికి రుమాలు చుట్టి ఉంది. మీసానికి దుమ్ము.

"అయ్యో, ఏమైందండి?" అన్నారు సూర్యకాంతమ్మగారు లేచి.

శ్రీనివాసరాజుగారు అందరి మొహాలూ చూశారు. కూతురి చెయ్యి చూశారు. "కుక్క అడ్డొచ్చిందండి," అన్నారు.

ఆ పెద్దమనిషి ముందు కూతురి మంచం వైపు అడుగు వేయబోయి, వేయలేక, గోడకు చెయ్యి ఆనించుకున్నాడు. శ్రీసత్య తలగడ మీద తల తిప్పింది. చెంప వాచి ఉండటంతో మాట ముద్దగా వచ్చింది గాని, ప్రతి ముక్కా వినపడింది.

"కుక్క లేదు నాన్నగారూ. మీకూ లేదు, నాకూ లేదు, మావయ్యగారికీ లేదు. మలుపంతా రాళ్లు. అందరికీ తెలుసు. చెబితే మీరు నొచ్చుకుంటారని మావయ్యగారు చెప్పలేదు. మావయ్యగారు నొచ్చుకుంటారని నేను చెప్పలేదు. ఇవాళ పాపకి జ్వరం వచ్చింది కాబట్టి ఇంట్లో ఉంది. లేకపోతే ముందు నిలబడేదండి."

ఆ మాట అయ్యాక ఆ పిల్ల కళ్లు మూసుకుంది. జగన్నాథరాజుగారికి ఆ చిన్న తల, ఆ రెండు జడలు, స్కూటీ హ్యాండిల్ పట్టుకునే ఆ చేతులు కళ్ల ముందు కనపడ్డాయి. పిల్లకు జ్వరం రావడం ఇంటికి అదృష్టమయ్యే పరిస్థితి తెచ్చింది తనే. ఆయన వియ్యంకుడి వైపు తిరిగారు.

"ఆ రోజు తారు పోశాక మిమ్మల్ని భోజనానికి లాక్కొచ్చింది నేనండి. చంద్రరావును లేపనివ్వనిదీ నేనే. తప్పు నాది. కానీ మీ రోడ్డు బాగోలేదండి బావగారూ. మొదటి రోజు నుంచీ బాగోలేదు. మొన్న మీరు తోలించిన లారీతో ఇంకా పాడైంది."

శ్రీనివాసరాజుగారి మొహం ఎర్రబడింది, తర్వాత నల్లబడింది. పిల్లనిచ్చిన ఇల్లు. కన్నకూతురి ముందు. నర్సు ముందు. సూర్యకాంతమ్మగారు ఫ్లాస్కులోంచి కాఫీ వంచి, గ్లాసు అందించారు. ఆయన దాన్ని చూసి, చేతులు జోడించి, "వస్తానండి" అని కుంటుకుంటూ బయటికి వెళ్లిపోయారు.

ఆ ప్రాంతంలో ఇచ్చిన కాఫీ తాగకుండా వెళ్లడమంటే సామాన్యం కాదు. చుట్టరికాలు తెగిపోయిన ఇళ్ల కథలన్నీ ఇలాంటి గ్లాసు దగ్గరే మొదలవుతాయి. శ్రీసత్య గోడ వైపు తిరిగి ఏడ్చింది. జగన్నాథరాజుగారు కుర్చీలో కూలబడ్డారు. జీవితంలో ఒక్కసారి నిజం మాట్లాడితే కోడలికి పుట్టిల్లు పోయిందన్న బాధ ఆయన్ను నిలువునా కోసింది.

"పోతే పోయిందండి చుట్టరికం," అన్నారు సూర్యకాంతమ్మగారు, గ్లాసు ఆయన చేతిలో పెడుతూ. "పిల్లలు దక్కారు. తాగండి."

మర్నాడు పొద్దున్న క్యారేజీ పట్టుకుని ఆయన ఆటోలో ఆసుపత్రికి బయలుదేరారు. మలుపు దగ్గర ఆటో ఆగిపోయింది. దారికి అడ్డంగా తాడు కట్టి ఉంది. కాలవ గట్టున తారు డ్రమ్ము పొగలు కక్కుతోంది. రోలరు మీద చంద్రరావు బిగుసుకుని కూర్చున్నాడు. మేస్త్రీ, మనుషులు పారలతో రాళ్లను గట్టు కిందకి లాగుతున్నారు. వాళ్ల మధ్య, లుంగీ ఎగ్గట్టి, మోకాలికి కట్టుతో, శ్రీనివాసరాజుగారు వంగి కొబ్బరి చీపురుతో రోడ్డు ఊడుస్తున్నారు. కూలివాడి చేతిలోంచి చీపురు ఎప్పుడు లాక్కున్నారో, అది వెనక్కి తీసుకునే ధైర్యం ఎవరికీ లేదు.

ఊరి జనం గట్టు మీద చేరి నోరెళ్లబెట్టి చూస్తున్నారు. బుల్లియ్య మోపెడ్ ఆపి, తల గోక్కుంటూ నిలబడ్డాడు.

జగన్నాథరాజుగారు ఆటో దిగారు. వియ్యంకుడు తలెత్తి చూశాడు. రాత్రంతా నిద్రలేని కళ్లు. నడుం పట్టుకుని నిటారుగా నిలబడి, చీపురు చేతిలోనే ఉంచుకుని, అందరి ముందూ అడిగాడు.

"ఇప్పుడెలా ఉందండి బావగారూ?"

జగన్నాథరాజుగారి నాలుక చివరిదాకా వచ్చింది ఒక మాట. అరవై ఏళ్ల అలవాటు. దాన్ని మింగేసి, చెప్పులు విప్పి, వట్టికాళ్లతో ఆ మలుపు మీద ఈ చివర నుంచి ఆ చివరికి నెమ్మదిగా నడిచారు. పాదం ఆనించి, అదిమి, రాసి చూశారు. కాలవ వైపు వచ్చేసరికి ఆగి, అరికాలు పైకెత్తి చూసుకున్నారు.

"ఇంకా ఉన్నాయండి," అన్నారు. "ఇటు పక్క."

శ్రీనివాసరాజుగారు ఆ పక్కకు వచ్చి, వంగి, మళ్లీ ఊడవడం మొదలెట్టారు.